కర్మ, ఖర్మ, కరువు పని

ఎండాకాలంలో అనంతపురం పల్లెలు తెల్లవారక ముందే లేస్తాయి. పార భుజాన వేసుకుని, గంప చంకన పెట్టుకుని, నీళ్ల సీసాతో పోతున్న ఆడమనిషిని ఎవరైనా “యాడికత్తా ఇంత పొద్దున్నే?” అని పలకరిస్తే, “కరువు పనికి పోతాండాం నాయనా” అంటుంది. ఉపాధి హామీ అనే మాట ఆమెకు తెలియక కాదు. జాబ్ కార్డు మీద ఆ మాటే ఉంది, బ్యాంకు పుస్తకంలో కూలి పడేది ఆ పద్దు కిందే. అయినా నోట ఆడేది మాత్రం కరువు పనే. 2005లో పార్లమెంటు పెట్టిన పేరూ, 2009 అక్టోబరు 2న దానికి చేర్చిన మహాత్మాగాంధీ పేరూ ఆఫీసు కాగితాల్లోనే ఉండిపోయాయి.

ఆ మాట చట్టం కంటే చాలా పాతది. వానలు ఎగ్గొట్టినప్పుడు సర్కారు జనంతో రోడ్డుకు కంకర కొట్టించి, చెరువుల్లో మట్టి తీయించి, గింజలో చిల్లరో చేతిలో పెట్టిన తాతల నాటి రోజుల నుంచీ సీమలో వాడుకలో ఉంది. నాడు దొర దయగా వచ్చిన పనికీ నేడు హక్కుగా రావలసిన పనికీ జనం ఒకే పేరు ఉంచారు. దయకూ హక్కుకూ నడుమ చదువుకున్నవాళ్లు చూసేటంత తేడా వాళ్లకు కనిపించలేదా? లేక ఆ పాత పేరులోనే వాళ్ల వాదన ఏదైనా దాగి ఉందా? పని చేసినవాడికే తిండి అని దాదాపు అన్ని మతాలూ ఏదో ఒక రీతిలో చెప్పాయి. చేయడానికి పనే లేని ఏడాది ఆ మాట ఎవరికి తగులుతుందన్నది ఈ పీఠభూమి వందేళ్లకు పైగా అడుగుతున్న ప్రశ్న.

సంస్కృతం నుంచి వచ్చిన ‘కర్మ’ను తెలుగు నోరు రెండు చేసుకుంది. ఒత్తు లేకుండా పలికితే మనిషి చేసే పని. ఒత్తి ‘ఖర్మ’ అంటే మనిషికి పట్టిన రాత. వాన పడిన ఏడు సీమలో కర్మకు కొదవ ఉండదు. విత్తనం, కలుపు, కోత, నూర్పిడి ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తాయి. వాన తప్పిన ఏడు మిగిలేది రెండో మాటే. “మా ఖర్మ సార్” అని నుదురు తట్టుకునే చెయ్యీ, పార పట్టే చెయ్యీ ఒకటే.

అవిభక్త అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 552 మిల్లీమీటర్లు. అందులో నైరుతి వాటా 338, ఈశాన్యానిది 156. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. బంగాళాఖాతం వాయుగుండాలు ఇంత లోపలికి వచ్చేసరికి ఆయాసపడిపోతాయి. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని పిల్లలు బడిలో వల్లె వేస్తారు. అయితే సేద్యం ఎరిగినవాళ్లు మొత్తం ఎంత పడిందని అడగరు, ఎప్పుడు పడిందని అడుగుతారు. జూన్, జూలైల్లో పదును కుదిరితే శెనక్కాయ విత్తుతారు. ఊడ దిగే వేళ ఇరవై ముప్పై రోజులు ఆకాశం ముఖం చాటేస్తే పైన చెట్టు పచ్చగానే కనబడుతుంది, పీకి చూస్తే కాయ ఉండదు. ఒక దశలో ఈ జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో శెనక్కాయ ఒక్కటే వేశారు. అంత నేల ఒకే పంటను నమ్ముకున్నప్పుడు పోతే అందరిదీ ఒకేసారి పోతుంది. ఒక ఊళ్లో పని లేకపోతే పక్క ఊరికి పోదామన్న దారి కూడా మూసుకుపోతుంది.

పంట పోతే రైతు నష్టపోయాడంటారు. ఆ నష్టం రైతు దగ్గర ఆగదు. కలుపు తీసే ఆడకూలీలు, చెట్టు పీకేవాళ్లు, కాయ వలిచేవాళ్లు, మిల్లులో బస్తా మోసే హమాలీలు, వాళ్లను నమ్ముకున్న టీ అంగడివాడు, అందరి పనీ ఆ పొలంలోనే ఎండిపోతుంది. రైతుకు కనీసం పంట బీమా అనే మాట ఉంది. జరగని కలుపుతీతకు, రాని కూలికి బీమా చేసే కంపెనీ ఏదీ లేదు.

సర్కారు లెక్కల్లో ఈ నిరుద్యోగం సరిగా కనబడదు. కేంద్ర గణాంక శాఖ శ్రామిక సర్వేలో వారం లెక్క ప్రకారం, ఆ ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేసినా మనిషి పనిలో ఉన్నట్టే. ఏడాది లెక్కలో 30 రోజుల అనుబంధ పని ఉన్నా పనివాళ్ల జాబితాలో చేరిపోతాడు. కరువు ఊళ్లో కూలి మనిషి ఆ ఒక్క గంటనూ ఎక్కడో ఒకచోట వెతుక్కుంటాడు. మేకకు ఆకు కొట్టుకొస్తాడు, ఎవరి కొట్టానికో కప్పు వేస్తాడు. ఖాళీగా కూర్చోవాలన్నా కాస్త స్తోమత కావాలి, అది వాడికి లేదు. అందుకే పల్లె నిరుద్యోగ శాతం పట్టణం కంటే తక్కువగా అచ్చవుతుంది.

భాష కూడా వాడిని ఆదుకోదు. నిరుద్యోగి అంటే డిగ్రీ చేతబట్టుకుని నోటిఫికేషన్ కోసం చూసే కుర్రాడే మనసులో మెదులుతాడు. ఆ మాటలోనే ఉద్యోగం ఉంది. కూలి దొరకని కూలికి తెలుగులో ఉన్న మాట ‘పనిలేనోడు’. అది తిట్టు. పనీపాటా లేనివాడు, తిని తిరిగేవాడు, సోంబేరి. పని దొరకనివాడినీ పని ఎగ్గొట్టేవాడినీ ఒకే మాటతో పిలిచే సమాజంలో, కరువు వచ్చిన ఏడు మనిషి ముందు తిండి పోగొట్టుకుంటాడు, వెంటనే పరువూ పోగొట్టుకుంటాడు.

ఇక్కడికి వచ్చాకే మతాల మాట వినాలి.

భగవద్గీత మూడో అధ్యాయంలో ఒక చక్రం ఉంది. ప్రాణులకు ఆధారం అన్నం, అన్నానికి వాన, వానకు యజ్ఞం, యజ్ఞానికి కర్మ అని కృష్ణుడు వరస చెబుతాడు. ఆ చక్రాన్ని తిప్పడంలో చెయ్యి వేయకుండా అనుభవించేవాడిని దొంగ కింద జమకడతాడు. శ్లోకాన్ని ఈ ఎర్రనేల మీద నిలబడి చదివితే ఇంకోలా వినిపిస్తుంది. చక్రం ఆగింది కూలి దగ్గర కాదు, వాన దగ్గర. తిప్పడానికి చెయ్యి సిద్ధంగా ఉన్నా పట్టుకోవడానికి పిడి లేదు. జనం మాత్రం ఊరుకోరు. వానవైపు నుంచి కాకపోతే యజ్ఞంవైపు నుంచి తొయ్యాలని చూస్తారు. ఒక ఊళ్లో విరాటపర్వం చదివిస్తారు, ఇంకో ఊళ్లో కప్పలకు పెళ్లి చేస్తారు. కొన్ని చోట్ల వరద పాశమని ఇంటింటా పోగుచేసిన బియ్యం, బెల్లంతో పాయసం వండి, గుట్ట మీది బండపై పోసి, చెయ్యి తగలనీయకుండా వంగి నోటితోనే తింటారు. గీత చెప్పిన యజ్ఞానికి ఇది పల్లె రూపం. ఇందులో ప్రతి ఇంటి పిడికెడు గింజా ఉంటుంది. తినేటప్పుడు ఎవరి పిడికెడు ఎవరిదో లెక్క ఉండదు.

రెండో అధ్యాయంలోని మాట ఇంకా ప్రసిద్ధం. కర్మ మీదే నీకు అధికారం, ఫలం మీద కాదని. వ్యాఖ్యాతలంతా ఫలం దగ్గర ఆగి, దాన్ని ఎలా వదులుకోవాలో వివరించారు. మొదటి సగం గురించి ఎవరికీ అనుమానం రాలేదు, కర్మ మీద అధికారం ఉండనే ఉందనుకున్నారు. అనంతపురం కూలికి చిక్కు అక్కడే. ఫలం సంగతి తర్వాత, ముందు పని చేసే అధికారం ఎక్కడుంది? రాజ్యాంగం 41వ అధికరణలో పని హక్కు గురించి రాసింది. రాజ్యం తన ఆర్థిక శక్తి మేరకు చూడాలన్న షరతుతో, కోర్టుకెళ్లి అడగడానికి వీల్లేని ఆదేశిక సూత్రాల్లో రాసింది. 1950లో అమల్లోకి వచ్చిన ఆ వాక్యం చట్టం రూపంలో పల్లె గడప తొక్కడానికి 56 ఏళ్లు పట్టింది.

జిల్లాకు పడమట కన్నడ దేశం. 12వ శతాబ్దంలో అక్కడి శరణులు, బసవేశ్వరుడి చుట్టూ చేరిన చాకళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, గానుగ ఆడేవాళ్లు, కాయకమే కైలాసమన్నారు. చేతిపనిలోనే దేవుడున్నాడని, జపం కంటే అది తక్కువ కాదని అర్థం. బసవడి కథను తెలుగులో చెప్పిన పాల్కురికి సోమనాథుడి వల్ల ఆ గాలి ఇటూ వీచింది. ఆ సంప్రదాయంలో ఐదక్కి మారయ్య అనే శరణుడున్నాడు. బసవడి లోగిట్లో రాలిన బియ్యపు గింజలు ఏరుకోవడమే అతడి కాయకం. ఒకనాడు అలవాటు కంటే ఎక్కువ గింజలు తెస్తే భార్య లక్కమ్మ ఒప్పుకోలేదు, మనకెంత కావాలో అంతే చాలని తిప్పి పంపింది. కష్టంలో ఉన్న నీతిని ఇంత చిన్న కథలో చెప్పడం అరుదు. అయితే గింజలు ఏరాలంటే ముందు గింజలు రాలాలి. బసవడి ఇంట నిత్యం వంట జరిగేది కాబట్టి మారయ్య కాయకం సాగింది.

శరణులకు ఆ సంగతి తెలియకపోలేదు. అందుకే కాయకానికి జోడుగా దాసోహాన్ని పెట్టారు. కాయకంతో సంపాదించినది దాసోహంగా పదిమందికీ చేరాలి. రెండూ కలిసి ఒకే బండి. తెలుగులో మాత్రం ఆ మాట అర్థం మారిపోయింది. దాసోహమంటే ఇప్పుడు లొంగిపోవడం, కాళ్ల మీద పడటం. అన్నం పంచే మాట తలవంచే మాట అయింది.

క్రైస్తవంలోనూ ఇలాంటి జంటే ఉంది. థెస్సలొనీకయులకు రాసిన రెండో లేఖలో పౌలు, పని చేయడానికి ఇష్టపడనివాడికి తిండి కూడా వద్దన్నాడు. ఆ మాటను 1936 నాటి సోవియట్ రాజ్యాంగం 12వ అధికరణలోకి ఎక్కించుకుంది. దేవుణ్ణి కాదన్న రాజ్యానికి కూడా అపొస్తలుడి మాట అక్కరకొచ్చింది. పౌలు అన్నది ‘ఇష్టపడని’ వాడి గురించి. వాడుకలో ఆ ముక్క జారిపోయి, పని చేయనివాడంతా అందులోకి వచ్చేశాడు. ఇష్టం ఉండీ పని దొరకనివాడి కథ మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ఉంది. ద్రాక్షతోట యజమాని తెల్లవారుజామున కూలీలను పిలుచుకుపోతాడు. తొమ్మిదింటికి, మధ్యాహ్నం, మూడింటికి మళ్లీ వస్తాడు. సాయంత్రం అయిదింటికి కూడా సంతలో నిలబడి ఉన్నవాళ్లను చూసి, పొద్దంతా ఊరికే ఎందుకున్నారని అడుగుతాడు. మమ్మల్ని ఎవరూ కూలికి పెట్టుకోలేదంటారు వాళ్లు. వాళ్లనూ తోటకు పంపి, పొద్దుగూకాక అందరికీ ఒకే కూలి ఇస్తాడు. పొద్దుటి నుంచి చేసినవాళ్లు సణుగుతారు.

బెంగళూరులో పొద్దున్నే కూలీల అడ్డా చూసినవాళ్లకు ఈ కథలో కొత్త ఏమీ ఉండదు. తాపీలు, పారలు ముందు పెట్టుకుని వందలమంది నిలబడతారు. పదింటికల్లా సగం మంది పోతారు. పదకొండింటికి మిగిలేవాళ్లు ఎప్పుడూ ఒకే రకం. ముసలివాళ్లు, సన్నగా ఉన్నవాళ్లు, చంటిబిడ్డ తల్లులు. హిందూపురం, మడకశిర, కదిరి వైపు బస్సులు దిగిన వాళ్లు అందులో ఎప్పుడూ ఉంటారు. 2016, 2017 కరువులో కదిరి ప్రాంతం నుంచి కేరళ దాకా పోయి, కూలి దొరకక అక్కడి పట్టణాల్లో చేయి చాచిన వాళ్ల గురించి పత్రికలు రాశాయి. వేమన సమాధి ఉందని చెప్పే కటారుపల్లి ఆ కదిరి సీమలోదే. గుడి బయట ఆకలిని పట్టించుకోని భక్తిని ఏకిపారేసిన మనిషి పడుకున్న నేల మీది నుంచే ఆ బస్సులు కదిలాయి.

ద్రాక్షతోట కథను బోధించే సంఘం నుంచి ఒక స్పానిష్ జెసూట్ ఈ జిల్లాకు వచ్చాడు. విన్సెంట్ ఫెర్రర్ అంతకుముందు మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల చేత బావులు తవ్వించాడు. 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. 1969లో అనంతపురం చేరి, మరుసటి ఏడాది జెసూట్ సంఘాన్ని వదిలేసి, తాను పెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థతోనే ఉండిపోయి 2009 జూన్‌లో ఇక్కడే కన్నుమూశాడు. పేదరికానికి అర్థం చెప్పడం కంటే దాన్ని దాటించడమే దైవకార్యమన్నది ఆయన నడక. ఊళ్లలో ఆయనను ఫాదర్ అనే పిలిచారు. ఆయన చొక్కా మార్చినా జనం పిలుపు మార్చలేదు.

అయితే సాయం అందించే చేతులన్నీ అలాంటివి కావు. ఇచ్చే చెయ్యి అందుకునే చేతిని శంకించడం ఈ నేలకు కొత్త కాదు. 1876లో ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువును సీమ ఇప్పటికీ ధాత కరువనే అంటుంది. అప్పటికి అనంతపురం విడి జిల్లా కాదు, 1882 దాకా బళ్లారిలో భాగం. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1877లో వైస్రాయి లిట్టన్ తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనిలో ఉన్నవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర చాలని తేల్చాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. రాళ్లు కొట్టే మనిషి దానితో బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాక, కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు.

టెంపుల్ కొలతల్లో కూలి కంటే దూరం చిత్రమైనది. ఇంటికి పది మైళ్ల అవతల ఉన్న పనికే రావాలన్న నియమం పెట్టారు. నిజంగా ఆకలిగొన్నవాడైతే అంత దూరం నడుస్తాడు, నడవకపోతే ఆకలి లేనట్టే. ఆకలికి పెట్టిన పరీక్ష అది. నడవలేక దారిలో పడినవాడు ఆ పరీక్ష తప్పినట్టు. 1880లో ఫామిన్ కమిషన్ నివేదిక, 1883లో ఫామిన్ కోడ్ వచ్చాక పద్ధతులు కొంత మారాయి కానీ, అడిగేవాడు అబద్ధమాడుతున్నాడేమో అన్న చూపు పోలేదు.

పరీక్షలు లేని పని ఒకటి ఉండొచ్చునన్న ఆలోచన ఈ దేశానికి వచ్చిన దారిలో ఆ ద్రాక్షతోట కూడా ఉంది. ఆ కథలోని యజమాని మాటనే పేరుగా తీసుకుని జాన్ రస్కిన్ 1860లో ‘అన్‌టు దిస్ లాస్ట్’ రాశాడు. 1904లో జొహన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ పోయే రైల్లో గాంధీ దాన్ని చదివాడు. చివరివాడికి కూడా అంతే దక్కాలన్న ఆ ఆలోచనను గుజరాతీలో రాసుకుని సర్వోదయ అని పేరు పెట్టాడు. అలాగని గాంధీ సత్రం భోజనాల మనిషి కాడు. ఒళ్లొంచగలిగినవాడికి ఊరికే తిండి పెట్టడం తన అహింసకు సరిపడదని, చేతనైతే సదావర్తులన్నీ మూయిస్తానని 1925లో ‘యంగ్ ఇండియా’లో రాశాడు. దానికి నాలుగేళ్ల ముందు అదే పత్రికలో, ఆకలితో ఉన్నవాడికి దేవుడు కనబడగల ఒకే ఒక్క రూపం పని, దాని కూలిగా వచ్చే తిండి అని రాసినవాడూ ఆయనే. రెండు మాటలనూ కలిపి చదివితేనే ఆయన లెక్క తెలుస్తుంది. సత్రం మూయాలంటే ముందు పని తెరవాలి. తెరిచే బాధ్యత ఆకలిగొన్నవాడిది కాదు.

2006 ఫిబ్రవరి 2న ఆ తలుపు తెరవడానికి ఢిల్లీ ఎంచుకున్నది నార్పల మండలంలోని బండ్లపల్లిని. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఆ ఊరికి వచ్చి ఉపాధి హామీని ప్రారంభించారు. మొదట దేశంలో 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నుంచి అన్ని గ్రామీణ జిల్లాలు. ఇంటికి ఏటా 100 రోజులు, కరువు ప్రకటించిన చోట ఇంకో 50. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలి. అయిదు కిలోమీటర్ల లోపల పని ఉండాలి, దాటితే కూలికి పది శాతం కలపాలి. టెంపుల్ దొర పది మైళ్లను ఈ నిబంధన పక్కన పెట్టి చూస్తే, చట్టం రాసినవాళ్లలో ఎవరికో ధాత కరువు గుర్తుందనిపిస్తుంది.

అదే నార్పల మండలంలో గూగూడు ఉంది. పీర్ల పండక్కి కుళ్ళాయిస్వామిని చూడటానికి హిందువులూ ముస్లింలూ కలిసి పోటెత్తే ఊరు. సీమలో స్వామి పేరు మీద కందూరు చేస్తే ఎవరొచ్చినా విస్తరి వేస్తారు. తినేవాడు పని చేశాడా లేదా, ఏ కులం, ఏ మతమన్నది అడగరు. బండ్లపల్లి చట్టం పని అడిగినవాణ్ణి అర్హత అడగదు, గూగూడు స్వామి అన్నం అడిగినవాణ్ణి అసలేమీ అడగడు. కాయకం ఒకటి, దాసోహం ఒకటి, రెండూ ఒకే మండలంలో దొరకడం కాకతాళీయమే కావచ్చు.

నీటికుంట తవ్వేచోట కాసేపు నిలబడితే ఈ మాటలన్నింటికీ మట్టి అంటుకుంటుంది. పైన అడుగు మందాన ఎర్రమట్టి, కింద మొరుసు, దాని కింద పార ఎగిరిపడే గట్టిపొర. అందుకే ముందురోజు సాయంత్రం మర్నాటి చదరంలో నీళ్లు పోసి నానబెట్టి పోతారు. తాగడానికి నీళ్లు మోసుకునే ఊళ్లో నేలకు నీళ్లు పోయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. మగవాళ్లు గడ్డపారతో పెకలిస్తారు, ఆడవాళ్లు గంపలకెత్తి గట్టు మీద పోస్తారు. కుంట నడిమధ్యన ఒక మట్టి దిమ్మెను మాత్రం ముట్టుకోరు. నేల మొదట ఎంత ఎత్తున ఉండేదో అది చెబుతుంది. కొలతలకు వచ్చినవాడు దాని పక్కన టేపు పెట్టి లోతు చూస్తాడు. గుంపును చూసుకునే మేట్ ఫోనుతో రోజుకు రెండుసార్లు అందరి ఫోటో తీయాలి. సిగ్నల్ అందకపోతే గట్టెక్కి, ఫోను ఆకాశానికి ఎత్తి, మంత్రం జపించేవాడిలా కాసేపు నిలబడతాడు. 2023 జనవరి నుంచి ఈ హాజరు తప్పనిసరి. ఫోటో ఎక్కకపోతే ఆ పూట ఎత్తిన మట్టికి లెక్క లేదు. పది మైళ్ల పరీక్ష పోయింది కానీ పరీక్ష అన్నది మాత్రం పోలేదు.

కొలత వచ్చేది గుంపు మొత్తానికి. కూలి హాజరైన తలలకు పంపకం. ఇక్కడే ద్రాక్షతోట సణుగుడు మళ్లీ వినిపిస్తుంది. పాతికేళ్ల కుర్రాడు రెండు గజాలు పెకలించే లోపల అరవై దాటిన అవ్వ నాలుగు గంపలు మోస్తుంది. వారం చివర ఇద్దరికీ ఒకే కూలి. “మేం తవ్వేది, వాళ్లు పంచుకునేది” అని కుర్రాళ్లు విసుక్కుంటారు. అది అన్యాయం కాదని చెప్పడం తేలిక కాదు. అయినా చాలా గుంపులు ఆ అవ్వను బయటికి పంపవు. ఎందుకంటే అడ్డాలో పదకొండింటికి మిగిలిపోయేది ఆమే. ఇంకెక్కడా ఆమెను కూలికి పెట్టుకోరు. కుర్రాడి సణుగుడూ, పంపకుండా ఉండటమూ ఒకే గుంపులో పక్కపక్కనే సాగుతాయి.

2020లో ఈ బొమ్మ తలకిందులైంది. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టాక బెంగళూరు నుంచి ఊళ్లకు మనుషులు తిరిగొచ్చారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో అంతకు ముందు ఏడాదే కార్లు తీయడం మొదలుపెట్టిన కియా ఫ్యాక్టరీ కొన్నాళ్లు మూతపడింది. ధర్మవరం పట్టు చీరకు పెళ్లిళ్లు లేవు. ఏప్రిల్ 20 నుంచి ఉపాధి పనులకు అనుమతి వచ్చింది. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో రోజు కూలి 237 రూపాయలు. దేశం మొత్తం మీద దాదాపు 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి, చట్టం పుట్టాక అంత ఎప్పుడూ లేదు. గుంతలు తవ్వి పూడ్చే పథకమని నవ్విన ఇళ్ల నుంచి కూడా పిల్లలు గంప పట్టి వచ్చారు. టాక్సీ తోలినవాడూ, షాపింగ్ మాల్‌లో బిల్లులు కొట్టినవాడూ ఆ అవ్వ వెనక వరసలో నిలబడి పార ఎలా పట్టాలో నేర్చుకున్నారు. వానతో ఏ సంబంధమూ లేని ఆ విపత్తులో కూడా వాళ్లు వెళ్లింది కరువు పనికే.

అప్పుడే ఆ పాత పేరు బరువు తెలిసింది. కరువు మనిషి తప్పు కాదు. కరువు వచ్చిందంటే ఎవరో బాకీ పడ్డారు. వాన బాకీ పడింది, సర్కారు బాకీ పడింది, 2020లో ప్రపంచమే బాకీ పడింది. ‘ఉపాధి హామీ’ అనే మాటలో ఇచ్చేవాడి మాట ఉంది, ‘కరువు పని’లో రావలసినవాడి లెక్క ఉంది. మతాలన్నీ కష్టపడమని చెప్పాయి, కష్టపడనివాడిని మందలించాయి. కష్టపడే చోటే లేనప్పుడు ఆ మందలింపు ఎవరికి తిరగాలో గీత చక్రంలోనూ, బసవడి దాసోహంలోనూ, ద్రాక్షతోట సాయంత్రంలోనూ సూచన ఉంది. తిప్పాల్సిన పిడి చేతికి ఇవ్వనివాడిని కూడా దొంగల జాబితాలో చేర్చవచ్చని అనంతపురం కూలి ఆ గ్రంథాలేవీ చదవకుండానే పెట్టుకున్న పేరు అది.

రైతులకు ఈ పథకం మీద వేరే ఫిర్యాదు ఉంది. పదును రోజుల్లో కూలీలు దొరకడం లేదని, దొరికినా ఉపాధి కూలి చూపి ఎక్కువ అడుగుతున్నారని. అయిదెకరాల మెట్టరైతు కూడా ఎండాకాలంలో తానే ఉపాధి పనికి పోతాడు కాబట్టి, ఈ తగవులో రెండు పక్షాలూ కొన్నిసార్లు ఒకే ఇంట్లో ఉంటాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ పాత చట్టం స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. రోజులు 100 నుంచి 125కు పెరిగాయి. గాంధీ పేరు పోయి, పొడి అక్షరాలు కలిపితే రాముడి పేరు వినబడే కొత్త పేరు వచ్చింది. ఖర్చులో రాష్ట్రాల వాటా పెరిగింది. విత్తనం, కోతల అదనులో ఏటా మొత్తం 60 రోజులు పని ఆపాలని, ఆ రోజులేవో రాష్ట్రం ముందే ప్రకటించాలని, ప్రాంతాన్ని బట్టి వేరువేరుగా ప్రకటించవచ్చని అందులో ఉంది.

కాలువ కింద అదను క్యాలెండర్‌లో ఉంటుంది. ఈ మెట్ట మీద ఎప్పుడు విత్తాలో జూన్ మబ్బు చెప్పాలి, ఆ మబ్బు నోటిఫికేషన్ చదవదు. సేద్యం రోజులని కాగితం మీద పని ఆపేసిన వారం వాన రాకపోతే పొలంలో కూలి ఉండదు, కుంట దగ్గరా ఉండదు. సబ్సిడీ విత్తనకాయల బస్తా వసారాలో గోడకు ఆనించి ఉంటుంది. అవ్వ పార తుడిచి కొట్టంలో పెట్టేస్తుంది. ఊరవతల సగం తవ్విన కుంట మధ్యలో మట్టి దిమ్మె ఒక్కటే నేల పాత ఎత్తు చూపిస్తూ నిలబడి ఉంటుంది, మళ్లీ కొలతలకు వచ్చేదాకా.